తీగలు లేని ఇంప్లాంట్ సెన్సర్లు: కణజాలం క్షేమాన్ని ఎంతవరకు నమ్మకంగా చెప్పగలవు?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. శస్త్రచికిత్స జరిగిన చోట ఒంట్లోనే ఉండి, అక్కడి కణజాలం బాగుందో చెడిపోతోందో తీగలు లేకుండా బయటికి తెలియజేసే పరికరాలు నిజంగా వాడుకలో ఉన్నాయా? వాటిలో కొన్నిటికి బ్యాటరీ ఉండదంటారు, మరి అవి ఎలా పనిచేస్తాయి? అవి ఇచ్చే అంకెను ఎన్నాళ్లు నమ్మవచ్చు? ఇంప్లాంట్ సెన్సర్ల రూపకల్పనలోను, వాటిని పరీక్షించడంలోను చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు ఇది: ఉన్నాయి, కానీ రోగులకు అమరుస్తున్నవి కొన్నే, వార్తల్లో కనిపించేవాటిలో ఎక్కువభాగం ఇంకా ఎలుకలు, గొర్రెలు, పందుల మీద పరీక్షల దశలోనే ఉన్నాయి. రెండో ప్రశ్న ఇంజనీరింగ్ పరంగా చాలామటుకు తేలిపోయింది. కష్టమంతా మూడో ప్రశ్నలోనే ఉంది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కణజాలం ఆరోగ్యాన్ని నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు. మనం కొలవగలిగేది ఆక్సిజన్, పీడనం, ఉష్ణోగ్రత, రక్తప్రవాహం, ఆమ్లత్వం వంటి కొన్ని రాశులను మాత్రమే. వాటిని బట్టి కణజాలం స్థితిని ఊహించుకుంటాం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ 98 శాతం చూపిస్తుంటే ఒళ్లంతా బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది ధమనుల రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంతమేరకు ఆక్సిజన్‌తో నిండి ఉందన్నది మాత్రమే. ఆ రక్తం ఒకచోటి కండరానికి చేరుతోందా లేదా అన్నది దానికి తెలియదు. వేలి దగ్గర 98 శాతం చూపిస్తుండగానే, మరోచోట రక్తనాళం మూసుకుపోయి కణజాలం చచ్చిపోతూ ఉండవచ్చు. ధమనుల రక్తంలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, కండరం లోపల అది సాధారణంగా 20 నుంచి 40 మధ్య ఉంటుంది. పైగా కేశనాళిక నుంచి ఆక్సిజన్ వ్యాపించేది 100 నుంచి 200 మైక్రాన్ల దూరం వరకే కాబట్టి, సెన్సర్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా అది చూపే విలువ మారిపోవచ్చు.

ఈ పరికరాల అవసరం ఎక్కడ ఎక్కువో తెలియాలంటే పునర్నిర్మాణ శస్త్రచికిత్సను చూడాలి. క్యాన్సర్ వల్లనో ప్రమాదం వల్లనో పోయిన భాగాన్ని పూరించడానికి, ఒంట్లో మరోచోటి నుంచి చర్మం, కండరం, కొన్నిసార్లు ఎముక కూడా దాని ధమని, సిరలతో సహా తీసి, కొత్తచోట ఉన్న రక్తనాళాలకు సూక్ష్మదర్శిని కింద కుట్టి కలుపుతారు. దీన్ని ఫ్రీ ఫ్లాప్ అంటారు. ఆ నాళాల వ్యాసం కొన్ని మిల్లీమీటర్లకు మించదు. కుట్టిన చోట రక్తం గడ్డకట్టే ప్రమాదం మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ, అది కూడా ధమనిలో కంటే సిరలో ఎక్కువ. గంటల్లో పసిగట్టి మళ్లీ శస్త్రచికిత్స చేస్తే ఫ్లాప్‌ను కాపాడుకోవచ్చు, ఆలస్యమైతే మొత్తం పోతుంది. అందుకే నర్సులు మొదటి రోజంతా గంటగంటకూ రంగు, వెచ్చదనం, నొక్కి వదిలితే రక్తం తిరిగి వచ్చే వేగం చూస్తూ ఉంటారు. ఫ్లాప్ బయటికి కనిపిస్తే ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. కానీ అది చర్మం లోపల పూర్తిగా పూడ్చిపెట్టినదైతే చూడటానికి, తాకడానికి ఏమీ ఉండదు. అలాంటిచోట సిర చుట్టూ చిన్న పట్టీలా బిగించే డాప్లర్ స్ఫటికాన్ని, అంటే అల్ట్రాసౌండ్‌తో రక్తప్రవాహాన్ని పసిగట్టే స్ఫటికాన్ని, అమర్చే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. దానికొక సన్నటి తీగ చర్మం గుండా బయటికి వస్తుంది, పని అయ్యాక దాన్ని లాగేస్తారు. ఆ తీగను లాగేటప్పుడు నాళం మీద ఒత్తిడి పడుతుందేమోనన్న భయం, పట్టీ జరిగితే రక్తప్రవాహం ఆగిపోయినట్టు తప్పుగా చూపించడం దాని లోపాలు. తీగ లేని సెన్సర్ కోసం శస్త్రవైద్యులు అడిగేది అందుకే.

ఇక విద్యుత్తు సంగతి. ఇంప్లాంట్ పరిమాణాన్ని నిర్ణయించేది సాధారణంగా చిప్ కాదు, బ్యాటరీయే. అందువల్ల శక్తిని బయటి నుంచే పంపాలన్న ఆలోచన చాలా పాతది. 1957లో స్టువర్ట్ మెకే, బెర్టిల్ జేకబ్సన్ మింగగలిగే రేడియో గుళికను వర్ణించారు. 1967లో కార్టర్ కాలిన్స్ కంటిలో అమర్చే పీడన సెన్సర్‌ను బ్యాటరీ లేకుండానే తయారుచేశాడు. అందులో ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న కాయిళ్ల మధ్య దూరం పీడనాన్ని బట్టి మారుతుంది, దాంతో ఆ విద్యుత్ వలయం స్పందించే అనునాద పౌనఃపున్యం మారుతుంది. బయట పట్టుకున్న మరో కాయిల్ ఆ మార్పును పసిగడుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారి ఊపిరితిత్తుల ధమనిలో నేడు అమరుస్తున్న కార్డియోమెమ్స్ పీడన సెన్సర్ కూడా మూలంలో ఈ అనునాద సూత్రం మీదే పనిచేస్తుంది. చెడిపోవడానికి అందులో బ్యాటరీయే లేదు.

ఈ అయస్కాంత ప్రేరణ పద్ధతికి ఒక పరిమితి ఉంది. చిన్న కాయిల్ నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది కాబట్టి, లోపలి కాయిల్ మిల్లీమీటరు పరిమాణానికి తగ్గితే చర్మం కింద ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి శక్తి అందడం కష్టం. వైద్య ఇంప్లాంట్లకు కేటాయించిన 402 నుంచి 405 మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగాలతోనూ ఇదే చిక్కు: కండరంలో వాటి తరంగదైర్ఘ్యం సుమారు 10 సెంటీమీటర్లు, దాన్ని అందుకోవడానికి మిల్లీమీటరు యాంటెన్నా ఏమాత్రం సరిపోదు. అల్ట్రాసౌండ్ లెక్క వేరు. కణజాలంలో శబ్దవేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు కాబట్టి 2 మెగాహెర్ట్జ్‌ల దగ్గర తరంగదైర్ఘ్యం 0.77 మిల్లీమీటర్లే ఉంటుంది. అంటే మిల్లీమీటరు కంటే చిన్న పీజో స్ఫటికం (కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది) కూడా దాన్ని చక్కగా పట్టుకుని విద్యుత్తుగా మార్చగలదు. మెత్తని కణజాలంలో నష్టం ప్రతి సెంటీమీటరుకు, ప్రతి మెగాహెర్ట్జ్‌కు సుమారు అర డెసిబెల్. ఆ లెక్కన 2 మెగాహెర్ట్జ్‌ల తరంగం 5 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి మూడింట ఒక వంతు శక్తి మిగులుతుంది. ఇంప్లాంట్‌కు అది చాలు.

ఈ దారిలో బాగా ముందుకు వెళ్లినవారు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు. 2016లో వారు ఎలుకల నాడుల సంకేతాలను అల్ట్రాసౌండ్‌తో బయటికి రప్పించారు. 2021లో అదే ప్రయోగశాల నుంచి సోనర్ సోన్‌మెజోగ్లు, మిచెల్ మహర్బిజ్ బృందం కణజాలంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఇంప్లాంట్‌ను ప్రకటించింది. దాని ఘనపరిమాణం 4.5 ఘన మిల్లీమీటర్లు. అందులో ఒక సూక్ష్మ ఎల్ఈడీ, వెలుగు పడితే తిరిగి మెరిసే రంగు కలిగిన పొర, కాంతిని వడపోసే ఫిల్టర్, చిప్, పీజో స్ఫటికం ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే ఆ మెరుపు త్వరగా ఆరిపోతుంది, తక్కువగా ఉంటే కాసేపు నిలుస్తుంది. పరికరం కొలిచేది మెరుపు ఎంత ప్రకాశంగా ఉందన్నది కాదు, ఎంత ఆలస్యంగా ఆరుతోందన్నది. ఈ ఎంపికను నేను చాలా మెచ్చుకుంటాను, ఎందుకంటే కాలక్రమేణా ఎల్ఈడీ కొద్దిగా మసకబారినా ఆ ఆలస్యం పెద్దగా మారదు. మత్తు ఇచ్చిన గొర్రెల కండరంలో దీన్ని పరీక్షించారు. ప్రయోగశాలలో పంది కణజాలం గుండా 10 సెంటీమీటర్ల లోతు నుంచి కూడా సంకేతం అందుకున్నారు. అయితే అల్ట్రాసౌండ్ గాలిని దాటలేదు, ఎముకను దాటడానికి చాలా శక్తి కోల్పోతుంది. ఊపిరితిత్తులు, వాయువు నిండిన పేగు, పుర్రె అడ్డొస్తే మార్గం మూసుకుపోతుంది. పైగా బయటి ప్రోబ్‌ను చర్మానికి జెల్‌తో ఆనించి, గురి తప్పకుండా పట్టుకోవాలి. మత్తులో కదలకుండా ఉన్న గొర్రె దగ్గర అది తేలిక, మంచం మీద పక్కకు తిరిగే రోగి దగ్గర అంత తేలిక కాదు.

ఇప్పుడు నమ్మకం గురించి. సెన్సర్‌ను లోపల పెట్టిన కొద్దిసేపట్లోనే రక్తంలోని ప్రొటీన్లు దాని ఉపరితలం మీద పేరుకుంటాయి. కొన్ని గంటల్లో తెల్ల రక్తకణాలు చేరతాయి, రోజుల్లో మాక్రోఫేజ్‌లు (బయటి వస్తువులను మింగే రక్షణ కణాలు) చేరి దాన్ని జీర్ణించుకోవడానికి ప్రయత్నిస్తాయి, అవి కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. కొన్ని వారాలకు దాని చుట్టూ పీచుతో నిండిన గట్టి తొడుగు తయారవుతుంది. ఆ తొడుగులో కేశనాళికలు తక్కువ. అప్పటినుంచి సెన్సర్ కొలిచేది కండరంలోని ఆక్సిజన్‌ను కాదు, తన చుట్టూ ఏర్పడిన మచ్చలోని ఆక్సిజన్‌ను. ఎలక్ట్రానిక్స్ అంతా సవ్యంగా ఉంటుంది, సంకేతం స్పష్టంగా వస్తుంది, అంకె మాత్రం రోగి కణజాలానికి చెందినది కాదు. నాకు తెలిసినంతలో ఈ రంగంలో అత్యంత ప్రమాదకరమైన స్థితి ఇదే, ఎందుకంటే పనిచేయని సెన్సర్‌ను ఎవరైనా గుర్తిస్తారు, తప్పు చెబుతున్న సెన్సర్‌ను గుర్తించడం కష్టం.

ఇందువల్ల భౌతిక రాశులను కొలిచేవాటికి, రసాయన రాశులను కొలిచేవాటికి ఆయుర్దాయంలో పెద్ద తేడా వస్తుంది. పీడనం పలచటి కణజాలం గుండా దాదాపు అలాగే చేరుతుంది కాబట్టి, ధమనిలో అమర్చిన సెన్సర్ మీద నాళపు లోపొర పెరిగినా అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఉష్ణోగ్రత కూడా అంతే. ఆక్సిజన్, గ్లూకోజ్ వంటివి సెన్సర్ దాకా వ్యాపించి చేరాలి కనుక తొడుగు వాటికి అడ్డుగోడ అవుతుంది. చర్మం కింద అమర్చే ఎవర్‌సెన్స్ గ్లూకోజ్ సెన్సర్‌లో డెక్సామెథసోన్ అనే వాపు తగ్గించే స్టెరాయిడ్‌ను నెమ్మదిగా విడుదల చేసే వలయం పెట్టింది ఆ ప్రతిస్పందనను అణచడానికే. అమెరికాలో 2018లో దానికి 90 రోజులకు అనుమతి వచ్చింది, తరువాత రూపాలకు 2022లో 180 రోజులకు, 2024లో ఏడాదికి వచ్చింది. ఒకే రకం సెన్సర్ ఆయుష్షును మూడు నెలల నుంచి ఏడాదికి పెంచడానికి ఆరేళ్లు పట్టిందంటే, ఈ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో గ్రహించవచ్చు. అప్పుడప్పుడు వేలి నుంచి తీసిన రక్తంతో దాన్ని సరిచూసుకునే సదుపాయం ఉండటం కూడా దానికి కలిసొచ్చింది. లోతుగా ఉన్న మూత్రపిండంలోనో కండరంలోనో పెట్టిన ఆక్సిజన్ సెన్సర్‌ను దేనితో సరిచూస్తాం? ఆ ప్రశ్నకు జవాబు లేని ఏ రూపకల్పననైనా నేను అనుమానంతోనే చూస్తాను.

అవయవ మార్పిడిలో 2023లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పని ఈ దృష్టితో చూస్తే ఆసక్తికరమైనది. జాన్ రోజర్స్ బృందం 220 మైక్రాన్ల మందం గల పలచటి సెన్సర్‌ను ఎలుక మూత్రపిండాన్ని కప్పి ఉండే పొర కింద అమర్చి, ఉష్ణోగ్రతను, ఉష్ణవాహకతను నిరంతరం కొలిచింది. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించడం మొదలుపెడితే వాపు వస్తుంది, రక్తప్రవాహం మారుతుంది, ఆ రెండూ ఉష్ణ లక్షణాల్లో కనిపిస్తాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆపేసిన ఎలుకల్లో, రక్తపరీక్షల్లో మూత్రపిండం దెబ్బతిన్నట్టు తెలిపే క్రియాటినిన్ వంటివి పెరగడానికి మూడు వారాల ముందువరకూ ఈ సెన్సర్ హెచ్చరించగలిగింది. వారు ఎంచుకున్నది రసాయన రాశిని కాదని గమనించండి. అయితే జ్వరం వచ్చినా, మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ సోకినా ఉష్ణోగ్రత పెరుగుతుంది కదా. దాన్ని తిరస్కరణ నుంచి వేరుచేయడం మనుషుల్లో తేలవలసిన విషయం.

కొన్ని రోజులే అవసరమయ్యేచోట ఈ తొడుగు సమస్యను పక్కకు పెట్టే మార్గం ఒకటుంది: పని అయ్యాక కరిగిపోయే సెన్సర్లు. మెగ్నీషియం, జింక్, మాలిబ్డినం, అతి పలచటి సిలికాన్ పొరలు, శస్త్రచికిత్స కుట్లలో వాడే తరహా పాలిమర్లు శరీర ద్రవాల్లో మెల్లగా కరుగుతాయి. 2016లో ఎలుకల పుర్రెలో పీడనాన్ని కొలిచి కరిగిపోయే సెన్సర్ వచ్చింది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం ధమని చుట్టూ చుట్టగలిగే, బ్యాటరీ లేని, కరిగిపోయే నాడి సెన్సర్‌ను ఎలుకల్లో చూపింది. పైన చెప్పిన ఫ్లాప్ సమస్యకు సూటిగా పనికొచ్చే ఆలోచన అది. 2024లో వచ్చిన మరో ఆలోచన నాకు ఇంకా నచ్చింది. పేగును కోసి కుట్టిన చోట ద్రవం కారితే ఆమ్లత్వం మారుతుంది, దాంతో అక్కడ పెట్టిన జెల్ బిళ్ల ఉబ్బుతుంది, అందులోని చిన్న లోహపు చక్రాలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, ఆ దూరాన్ని ఆసుపత్రిలో ఉండే మామూలు అల్ట్రాసౌండ్ యంత్రంతోనే చూడవచ్చు. అందులో చిప్ లేదు, యాంటెన్నా లేదు. ఇంత సరళమైనవే ముందుగా రోగుల దాకా వస్తాయని నా నమ్మకం. కరిగే సెన్సర్ల విషయంలో మాత్రం రెండు గడువులను విడివిడిగా అడగాలి: పూర్తిగా కరగడానికి ఎంతకాలం పడుతుంది, కొలత సరిగా ఉండేది ఎంతకాలం. రెండోది మొదటిదాని కంటే చాలా తక్కువ. పై పొరలోకి నీరు దిగడం మొదలైన క్షణం నుంచి విలువ జరుగుతూనే ఉంటుంది.

కొలత సరైనదే అయినా రోగికి మేలు జరుగుతుందన్న హామీ లేదు. కార్డియోమెమ్స్ చరిత్ర ఈ విషయంలో చాలా నేర్పుతుంది. 550 మంది రోగులతో జరిగిన, 2011లో ప్రచురితమైన చాంపియన్ అధ్యయనంలో అందరికీ సెన్సర్ అమర్చారు, కానీ దాదాపు సగంమంది రోగుల పీడనం విలువలనే వారి వైద్యులకు చూపించారు. విలువలు చూసి మందులు మార్చిన వర్గంలో ఆరు నెలల్లో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. సెన్సర్ ఇరువర్గాల్లోనూ ఉంది కాబట్టి మేలు చేసింది సెన్సర్ కాదు, దాన్ని చూసి తీసుకున్న నిర్ణయం. తయారీదారు పక్షాన పనిచేసిన నర్సులు వైద్యులకు సలహాలిచ్చారని, ఫలితం వారి వల్ల వచ్చిందో సెన్సర్ వల్ల వచ్చిందో తెలియదని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అభ్యంతరపెట్టింది; 2014లో గాని అనుమతి రాలేదు. ఆ తరువాత వెయ్యిమందితో జరిగిన, 2021లో వెలువడిన మరో అధ్యయనం తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది, కోవిడ్‌కు ముందరి కాలాన్ని విడిగా చూస్తే మాత్రం మేలు కనిపించింది. ఇన్నేళ్లు వాడిన, ఇంత నమ్మకమైన సెన్సర్ విషయంలోనే ఇంత చర్చ ఉంది.

తప్పుడు హెచ్చరికల లెక్క కూడా వేసుకోవాలి. ఉదాహరణకు వెయ్యి ఫ్లాప్‌లలో 40 విఫలమవుతాయనుకుందాం. సెన్సర్ విఫలమయ్యేవాటిలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, బాగున్నవాటిలో 95 శాతాన్ని బాగున్నాయనే చెబుతుంది అనుకుందాం. నిజమైన హెచ్చరికలు 38 వస్తాయి, మిగిలిన 960లో 48 తప్పుడువి వస్తాయి. అంటే హెచ్చరిక మోగినప్పుడు సగం కంటే ఎక్కువసార్లు ఫ్లాప్ బాగానే ఉంటుంది. ప్రతి హెచ్చరికకూ రోగిని మళ్లీ శస్త్రచికిత్స గదికి తీసుకువెళ్తే కలిగే హాని చిన్నది కాదు. నిమిషానికోసారి కొలిచే పరికరంలో ఈ సమస్య ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్క విలువ చూసి కాకుండా, తగ్గుదల ఎంత వేగంగా, ఎంతసేపు సాగిందో చూసి నిర్ణయించే పద్ధతి కావాలి.

భద్రత గురించి క్లుప్తంగా. వేడిమి విషయంలో అంతర్జాతీయ ప్రమాణం ఇంప్లాంట్ ఉపరితలం 37 డిగ్రీల కంటే 2 డిగ్రీలకు మించి పెరగకూడదంటుంది. అల్ట్రాసౌండ్ తీవ్రతకు ఎఫ్‌డీఏ విధించిన పరిమితి చదరపు సెంటీమీటరుకు 720 మిల్లీవాట్లు. మిల్లీమీటరు స్థాయి సెన్సర్లు ఈ హద్దుల్లోనే పనిచేయగలవు. ఎంఆర్ఐ తీయవచ్చా లేదా అన్నది పరికరాన్ని బట్టి మారుతుంది, దాని పత్రంలో రాసి ఉండాలి. డేటా భద్రతను తేలిగ్గా తీసుకోకూడదు: 2017లో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు, బయటివారు చొరబడే అవకాశం ఉందన్న కారణంగా సాఫ్ట్‌వేర్ సవరణ చేయవలసి వచ్చింది. కొలిచి చెప్పడం మాత్రమే చేసే సెన్సర్‌కు ఆ ప్రమాదం తక్కువే, కానీ తప్పుడు అంకె పంపినా తప్పుడు చికిత్సకు దారితీయవచ్చు.

మీకో మీవారికో ఇలాంటి పరికరంతో జరిగే అధ్యయనంలో చేరే అవకాశం వస్తే, అది ఎంత చిన్నదో ఎంత అధునాతనమైనదో అడగడం కంటే కొన్ని వేరే సంగతులు అడగమని సలహా ఇస్తాను. ఏ విలువ దగ్గర వైద్యులు ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకున్నారా? రాత్రివేళ హెచ్చరిక వస్తే దాన్ని ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో వస్తారు? మామూలు పరిశీలన, అంటే గంటగంటకూ నర్సు చూడటం, రక్తపరీక్షలు, అవసరమైన బయాప్సీ, యథావిధిగా సాగుతాయా, లేక సెన్సర్ ఉందని తగ్గిస్తారా? తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. కొలత నమ్మదగిన కాలం ముగిశాక పరికరాన్ని తీసేస్తారా, లోపలే వదిలేస్తారా, తీయడానికి మరో శస్త్రచికిత్స కావాలా? దాన్ని తయారుచేసిన సంస్థ మూతపడితే సెన్సర్ సంకేతాన్ని చదివే బయటి రీడర్‌ను ఎవరు సరిచేస్తారు? ఈ చివరి ప్రశ్న అనవసరమనిపించవచ్చు, కానీ లోపలి భాగం నిక్షేపంగా ఉండి బయటి రీడర్ దొరక్కపోతే ఆ ఇంప్లాంట్ రోగికి ఉపయోగం లేని లోహపు ముక్కే. వీటన్నిటికీ సూటిగా జవాబు చెప్పగల బృందమైతే పరికరం పాతకాలపుదైనా వారి దగ్గర చేరవచ్చు.